జైలు నుంచే అధ్యక్ష ఎన్నికల బరిలో నిలిచిన డెబ్స్

అమెరికా కార్మిక నేత యూజీన్ డెబ్స్ 1855లో ఇండియానా రాష్ట్రంలోని టెర్రె హోట్‌లో జన్మించారు. 14 ఏళ్లకే చదువు మాని రైల్వే పనిలో చేరారు. 1894 నాటి పుల్‌మన్ సమ్మెకు నాయకత్వం వహించి 6 నెలలు జైలులో గడిపారు. అనంతరం సోషలిస్టుగా మారి, 1900 నుంచి 1912 వరకు వరుసగా నాలుగుసార్లు అధ్యక్ష పదవికి పోటీచేశారు.

1918 జూన్‌లో ఓహాయోలోని కాంటన్ పట్టణంలో యుద్ధాన్ని నిరసిస్తూ చేసిన ఒక్క ప్రసంగానికి ఆయనకు 10 ఏళ్ల శిక్ష పడింది. అట్లాంటా కారాగారంలో 9653వ నంబరు ఖైదీగా ఉంటూనే 1920లో అయిదోసారి బరిలో నిలిచారు. అభ్యర్థి గడప దాటకుండానే 9 లక్షలకు పైగా ఓట్లు పోలయ్యాయి. క్షమాభిక్షకు ఉడ్రో విల్సన్ ససేమిరా అన్నారు. విచిత్రమేమంటే, ఆ ఎన్నికలో గెలిచిన ప్రత్యర్థి వారెన్ హార్డింగే 1921 క్రిస్మస్ నాడు ఆయనకు విముక్తి కల్పించి, శ్వేతసౌధంలో కలుసుకున్నారు. చెరలో క్షీణించిన ఆరోగ్యం మాత్రం కుదుటపడలేదు. 1926 అక్టోబరు 20న డెబ్స్ కన్నుమూశారు.