యల్లాప్రగడ సుబ్బారావు

బాల్యమున కోరికలు లేనివారు లోకములో నుండరు. ఒకడు గుర్రమెక్కి ఊరేగవలెనని కోరును. మరియొకడు సంతలో మిఠాయి దుకాణము పెట్టిన చాలునని తలచును. వేరొకడు ఇల్లు విడిచి దూరదేశములకు పోవలెనని కలలు గనును. పెద్దలు ఆ కోరికలను విని నవ్వుదురు, లేదా కసరుదురు. అందులో తాలు ఎంత, గింజ ఎంత యని చెరిగి చూచువారు అరుదు. అట్లు చూడగల తల్లి లభించినందున ఒక తెలుగు బాలుని జీవితము ఏ దారి త్రొక్కెనో, ఆ దారి వలన లోకమున కెంత మేలు కలిగెనో, అందుకు ఆ తల్లియు కొడుకును ఎట్టి మూల్యము చెల్లించిరో ఈ కథ తెలుపును.

1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరములో యల్లాప్రగడ సుబ్బారావు జన్మించెను. తండ్రి జగన్నాథము రెవెన్యూ శాఖలో చిన్న యుద్యోగి. తల్లి వెంకమ్మ. వారికి ఏడుగురు సంతానము. ఆరోగ్యము చెడినందున జగన్నాథము వయసు మీరకమునుపే ఉద్యోగము విడువవలసివచ్చెను. రాబడి తగ్గెను, తినువారు తగ్గలేదు. ఇల్లు నడుపు భారమంతయు వెంకమ్మపై బడెను. ఆమె చదువుకొన్న స్త్రీ కాదు. అయినను చదువు విలువ నెరిగిన స్త్రీ. బిడ్డలు పైకి రావలెనన్నచో విద్య తప్ప వేరు మార్గము లేదని ఆమె దృఢముగా నమ్మెను.

సుబ్బారావు నమ్మిక అది కాదు. రాజమహేంద్రవరములో చదువుచున్న ఆ బాలునకు పుస్తకములపై మనసు నిలువలేదు. ధనము గడింపవలెనని అతని కోరిక. కాశీక్షేత్రమునకు ఏడాది పొడవునను యాత్రికులు వేలకొలది వత్తురని అతడు విని యుండెను. అక్కడ అరటిపండ్లు అమ్మినచో కావలసినంత డబ్బు వచ్చునని లెక్క వేసికొనెను. పదుమూడేండ్ల ప్రాయమున ఒకనాడు ఇంట చెప్పకుండ కాశికి బయలుదేరెను. ఆ లెక్క ఫలింపలేదు. ఇంటివారు వెదకి అతనిని వెనుకకు తెచ్చిరి.

ఇట్టి సందర్భములో అనేక గృహములలో జరుగునది మన మెరుగుదుము. చదువు అబ్బని పిల్లవానిని ఏదో ఒక పనిలో పెట్టి, వాడు తెచ్చు నాలుగు డబ్బులతో సంతృప్తి పడుదురు. వెంకమ్మ ఇంటిలో ఆ డబ్బులకు అవసరము లేకపోలేదు. అయినను ఆమె కొడుకును మరల బడికే పంపెను. అరటిపండ్ల గంపలో ఆమెకు కనబడినది వ్యాపారము కాదు. తలపెట్టినదానికై ఎంత దూరమైనను పోగల పట్టుదల. ఆ పట్టుదలను చదువువైపు మరల్చవలెనని ఆమె ప్రయత్నము.

ఆ ప్రయత్నము సులభముగా నెరవేరలేదు. దగ్గరివారిని రోగములు పొట్టబెట్టుకొనుచుండగా చదువు కుంటుపడెను. మెట్రిక్యులేషను పరీక్షలో సుబ్బారావు ఒకసారి తప్పెను, రెండవసారియు తప్పెను. అతడు ఆ పరీక్ష గట్టెక్కకమునుపే తండ్రి మరణించెను. అప్పుడైనను వెంకమ్మ వెనుదీయలేదు. తన బంగారము నమ్మి ఆ సొమ్ముతో కొడుకును మద్రాసు పంపెను. అక్కడి హిందూ హైస్కూలులో చదివి సుబ్బారావు మూడవ పర్యాయము ఉత్తీర్ణుడయ్యెను. తల్లి ఒంటిమీది నగలు తన పుస్తకములుగా మారినవని యెరిగిన కొడుకు ఇక చదువును నిర్లక్ష్యము చేయలేదు.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరిన పిదప అతని మనసున మరియొక కోరిక మొలకెత్తెను. మైలాపూరులోని రామకృష్ణ మఠమునకు అతడు తరచుగా పోవుచుండెను. రోగులకును దరిద్రులకును అక్కడి సన్న్యాసులు చేయు సేవ అతని నాకర్షించెను. ఒకప్పుడు ధనమే కోరిన బాలుడు ఇప్పుడు సర్వమును త్యజించి కాషాయము ధరింపవలెనని నిశ్చయించెను. కాని తల్లి యనుమతి లేనిదే మఠమువారు చేర్చుకొనరు. వెంకమ్మ అనుమతి నీయలేదు.

ఆమె నిరాకరణములో స్వార్థము లేదా యని మనము ప్రశ్నింపవచ్చును. భర్తను పోగొట్టుకొని, కడసారి బంగారమును చదువునకు ధారపోసిన స్త్రీకి కొడుకు కావలెను. ఇంటికి ఆధారము కావలెను. అది తప్పు కాదు. కొడుకు కోరికయు తప్పు కాదు. రెండు న్యాయమైన కోరికలు ఎదురెదురుగా నిలిచినప్పుడే బంధము బలము తెలియును. సుబ్బారావు తల్లి మాట దాటలేదు; అట్లని తన ఆశయమును చంపుకొనలేదు. వైద్యము నేర్చిన గృహస్థుగా నుండియు దీనులను సేవింపవచ్చునని మఠములోని పెద్దలు హితవు చెప్పిరి. అతడు మద్రాసు వైద్యకళాశాలలో ప్రవేశించెను. ఆ విధముగా తల్లి కోరికయు కొడుకు కోరికయు ఒక్క దారిలో కలిసెను.

వైద్యవిద్యకు కావలసిన ధనము స్నేహితులు కొంత, కస్తూరి సూర్యనారాయణమూర్తి కొంత సమకూర్చిరి. 1919లో ఆయన కుమార్తె శేషగిరిని సుబ్బారావు వివాహమాడెను. అవి గాంధీమహాత్ముని పిలుపునకు దేశము స్పందించుచున్న దినములు. సుబ్బారావు శస్త్రచికిత్సాలయమునకు సైతము ఖద్దరు దుస్తులు ధరించి పోయెను. అది ఆంగ్లేయుడైన ఆచార్యునకు రుచింపలేదు. వ్రాత పరీక్షలలో బాగుగా నెగ్గినను సుబ్బారావునకు పూర్తి పట్టము దక్కక, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రము మాత్రమే లభించెను.

అంతకంటె పెద్ద దెబ్బ ఇంటనే తగిలెను. అతని సోదరు లిద్దరు కొలది దినముల వ్యవధిలో స్ప్రూ యను వ్యాధికి బలియైరి. ఈ వ్యాధి సోకినవానికి తిన్న అన్నము ఒంటబట్టదు. రక్తము క్షీణించును, మనుష్యుడు శల్యావశిష్టు డగును. వైద్యుడై యుండియు సోదరులను కాపాడుకొనలేకపోయిన బాధ సుబ్బారావును విడువలేదు. నాటి వైద్యశాస్త్రములో ఆ రోగమునకు మందు లేదు. లేని మందును వెదకుటయే ఇక తన పని యని అతడు భావించెను.

కొంతకాలము మద్రాసులో డాక్టరు ఆచంట లక్ష్మీపతి నడుపుచుండిన ఆయుర్వేద కళాశాలలో ఉపాధ్యాయుడుగా పనిచేసెను. తరువాత మామగారు కూర్చిన ధనముతో, ముప్పది యేండ్లు నిండకమునుపే ఓడ యెక్కి అమెరికాలోని బోస్టను నగరము చేరెను. కొలది యేండ్లలో తిరిగివత్తునని భార్యకు నమ్మిక కలిగించి పోయెను. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వ్యాధుల వైద్యము అభ్యసించెను. చేతిలో డబ్బు స్వల్పము. భారతదేశపు యోగ్యతాపత్రముతో అక్కడ వైద్యము చేయ వీలు లేదు. కావున ఒక ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు శుభ్రపరచు పనికి కుదిరెను. అరటిపండ్లు అమ్ముటకు సంకోచింపని బాలుడు పెద్దవాడై ఈ పనికిని సంకోచింపలేదు.

పగలు ప్రయోగశాలలో ఆయన చేసిన పని శాస్త్రలోకమును ఆకర్షించెను. 1925లో సైరస్ ఫిస్కే యను శాస్త్రజ్ఞునితో కలిసి, రక్తములోను మూత్రములోను గల భాస్వరమును కొలుచు పద్ధతిని కనుగొనెను. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి యను పేర అది విద్యార్థులకు నేటికిని పరిచితము. కండరము పనిచేయుటకు శక్తి యెక్కడనుండి వచ్చునను ప్రశ్నకు వారిరువురు 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి. యను పదార్థమును గుర్తించి ముఖ్యమైన సమాధానము చెప్పిరి. 1930లో సుబ్బారావు హార్వర్డులో డాక్టరు పట్టము పొందెను.

1940లో ఆయన న్యూయార్కు సమీపమునగల లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, తరువాత పరిశోధనలకు అధిపతి యయ్యెను. అంతకు పూర్వమే లూసీ విల్స్ అను ఆంగ్లేయ వైద్యురాలు బొంబాయిలో, బీద గర్భిణీస్త్రీలకు కలుగు రక్తహీనత ఈస్టు సారముచే కుదురునని 1931లో ప్రకటించి యుండెను. ఆ సారములోని గుణమునకు కారణమైన పదార్థమే ఫోలిక్ ఆమ్లము. సుబ్బారావు నాయకత్వమున లెడర్లీ శాస్త్రజ్ఞులు 1945లో దానిని కృత్రిమముగా తయారుచేసిరి. అది స్ప్రూ రోగులకును గుణమిచ్చెను. సోదరులను కబళించిన వ్యాధికి మందు ఈ విధముగా ఆయన చేతిమీదుగానే వెలువడెను. ఈనాడు మన ఆరోగ్యకేంద్రములలో గర్భిణులకు ఇనుముతోపాటు ఇచ్చు మాత్రలలోనిది ఈ ఫోలిక్ ఆమ్లమే. తల్లి త్యాగముతో చదివినవాని కృషి కోట్లకొలది తల్లులకు చేరినది.

ఆ పరిశోధననుండియే మరియొక మందు పుట్టినది. ఫోలిక్ ఆమ్లము కణముల వృద్ధికి అవసరమైనచో, దాని పనిని అడ్డగించు పదార్థము విపరీతముగా పెరుగు కణములను ఆపవచ్చును గదా! లెడర్లీలో అట్టి పదార్థములను తయారుచేసిరి. బోస్టనులో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు వానిలో అమినోప్టెరిన్ అనుదానిని రక్తపు కాన్సరు సోకిన పిల్లలకిచ్చి, పలువురిలో వ్యాధి తాత్కాలికముగా వెనుకకు తగ్గినదని 1948లో ప్రకటించెను. అంతవరకు ఆ బిడ్డల తల్లిదండ్రులకు వైద్యులు చెప్పగలిగిన ఆశావచన మొక్కటియు లేదు. ఆ వర్గమునకే చెందిన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. ఆరియోమైసిన్ అను జీవనాశక ఔషధమును డగ్గరు అను వృద్ధశాస్త్రజ్ఞుడు కనుగొనినది కూడ సుబ్బారావు పర్యవేక్షణమునందే.

నిజామాబాదు ప్రాంతమునకు ఆయన ఋణము మరియొక విధమైనది. 1931లో పూర్తియైన నిజాంసాగరు నీటితో అక్కడ వరియు చెరకును విస్తారముగా పండినవి. 1937లో స్థాపితమైన బోధను చక్కెర కర్మాగారము 2015లో మూతపడువరకు చుట్టుపట్ల గ్రామముల చెరకు దానికి తోలబడుచుండెను. పంటలు ఎంత పచ్చగా నున్నను బోదకాలు వ్యాధి మాత్రము ఆ జిల్లాను పీడించుచునే యుండెను. మురుగునీట పెరుగు దోమకాటు వలన సన్నని పురుగులు రక్తములో ప్రవేశించి, ఏండ్లు గడచిన తరువాత కాలును ఏనుగుకాలువలె ఉబ్బింపజేయును. ఈ పురుగుల పిల్లలు రాత్రివేళలందే రక్తములో విరివిగా తిరుగును గనుక, పరీక్షకై రక్తమును రాత్రులందు తీయుదురు. వీనిని చంపు హెట్రజాన్ అను మందును సుబ్బారావు బృందము 1947లో వెలువరించెను. డి.ఇ.సి. యని నేడు వ్యవహరింపబడునది అదియే. 2004లో దేశమంతట వ్యాధిపీడిత జిల్లాలలో ఏటేట సామూహికముగా ఈ మాత్రలు పంచు కార్యక్రమము ప్రారంభమయ్యెను. నిజామాబాదు ఆ జిల్లాలలో నొకటి. ఒకసారి ఉబ్బిన కాలిని ఆ మాత్ర మామూలుగా చేయలేదు. కాని రక్తములోని పురుగులను తగ్గించి, వ్యాధి ఇంకొకరికి వ్యాపింపకుండ చేయగలదు. కనుకనే ఆరోగ్యముగా నున్న పిల్లలచేతగూడ ఆ మాత్రను మ్రింగింతురు. నిజామాబాదు వీథులలోను, బోధను చెరకు పల్లెలలోను బిడ్డచేత ఆ మాత్ర మ్రింగించిన తల్లులలో, దాని వెనుక రాజమహేంద్రవరపు తల్లి యొకతె యున్నదని యెరిగినవారు కొందరే.

ఇంతటి కీర్తికి వెల కూడ గొప్పదే. కొలది యేండ్లలో వత్తునన్న సుబ్బారావు స్వదేశమునకు మరల రాలేదు. ఆయన వెడలిన పిమ్మట పుట్టిన కుమారుడు శైశవముననే మరణించెను. తండ్రి వాని ముఖము చూడలేదు. భార్య శేషగిరి ఎదురుచూచుచునే కాలము గడపెను. సన్న్యాసము వలదని కొడుకును నిలుపుకొన్న వెంకమ్మకు ఆ కొడుకు సముద్రముల కావల సన్న్యాసివలెనే ఏకాకిగా జీవించుట విధి యయ్యెను. పనికిని ఇంటికిని నడుమ ఆయన పనినే ఎంచుకొనెను. ఆ యెంపికను మెచ్చుకొనువారు, దాని భారమును మోసిన స్త్రీలను మరువరాదు.

1948 ఆగస్టులో, ఏబదిమూడేండ్ల ప్రాయమున, న్యూయార్కులో గుండెజబ్బుచే సుబ్బారావు నిద్రలోనే కన్నుమూసెను. పత్రికలకు దూరముగా నుండి, పరిశోధనల కీర్తిని తోడివారికి విడిచిన వ్యక్తి యగుటచే లోకము ఆయనను త్వరగా గుర్తింపలేదు. శతజయంతి సందర్భమున 1995లో భారత ప్రభుత్వము ఆయన పేర తపాలాబిళ్ళను వెలువరించెను.

విద్యార్థులారా! పిల్లల కోరికలన్నియు తీర్చుటయు ప్రేమ కాదు. అన్నింటిని త్రుంచివేయుటయు ప్రేమ కాదు. వెంకమ్మ కొడుకును రెండు దారులనుండి మరలించెను గాని, అతని పట్టుదలను, సేవాబుద్ధిని మాత్రము కాపాడెను. సుబ్బారావు తల్లిమాటకు తలయొగ్గెను గాని, తన ఆశయమును విడువలేదు. మీ కోరికలను తల్లిదండ్రులకు దాచక తెలుపుడు. వారు కాదన్నచో ఆ మాట వెనుకనున్న మనసును గ్రహింప యత్నింపుడు. ఆ ఇల్లాలి నగలు ఏ పెట్టెలోను మిగులలేదు. అవి మందులై నేటికిని రోగుల నాదుకొనుచున్నవి.