18 రాత్రులు మాట్లాడిన విద్యార్థులు

వేదాంత కళాశాల విద్యార్థుల ప్రార్థన కూడికల గురించి మనం తరచుగా వింటాము. వారు తమ పెద్దలకే ఎదురు నిలిచి కళాశాలను విడిచిపోయిన సంగతి మాత్రం అరుదుగా వింటాము. ఈ వారం థియోడర్ వెల్డ్ అనే దైవజనుని జీవితాన్ని తలచుకుందాం.

వెల్డ్ 1803లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఒక పాస్టరుగారి ఇంట పుట్టాడు. యౌవనంలో చార్లెస్ ఫిన్నీగారి ఉజ్జీవ కూటాల్లో మారుమనస్సు పొందాడు. న్యూయార్క్ రాష్ట్రంలోని ఒనైడా ఇన్‌స్టిట్యూట్‌లో చదివాడు. అక్కడ విద్యార్థులు చదువుతోపాటు రోజూ పొలంలోనో కార్ఖానాలోనో పని చేసి ఫీజు కట్టుకునేవారు. 1833లో తన తోటివారితో కలిసి ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి పట్టణానికి, లేన్ సెమినరీకి వచ్చాడు. కలరా సోకినప్పుడు రోగుల పక్కన రాత్రులు కూర్చున్నది ఇతడే. లేన్ విద్యార్థుల్లో చాలామంది పాతికేళ్లు దాటినవారు, లోకం చూసినవారు. వారు ఇతని మాట వినడానికి ఆ సేవ కూడా ఒక కారణమని మా నమ్మకం.

సిన్సినాటి ఒహాయో నది ఒడ్డున ఉంది. నదికి అవతల కెంటకీ. అక్కడ మనుషులను కొనేవారు, అమ్మేవారు. పట్టణంలోని వర్తకులకు దక్షిణాదితోనే బేరసారాలు. అటువంటి చోట 1834 ఫిబ్రవరిలో విద్యార్థులు 18 రాత్రులు చర్చ పెట్టారు. దాస్యాన్ని వెంటనే రద్దు చేయాలా అని 9 రాత్రులు, నల్లవారిని ఆఫ్రికాకు పంపించే సంఘాన్ని క్రైస్తవులు సమర్థించవచ్చా అని 9 రాత్రులు. అలబామాలో దాసులున్న ఇంటినుండి వచ్చిన విలియం ఆలన్ లేచి దాస్యానికి వ్యతిరేకంగా మాట్లాడాడు. జేమ్స్ బ్రాడ్లీ కూడా మాట్లాడాడు. పసితనంలోనే ఆఫ్రికానుండి ఎత్తుకురాబడి, యజమాని పని అయ్యాక రాత్రివేళ కష్టపడి సొమ్ము కూడబెట్టి తన్ను తానే కొనుక్కున్న మనిషి అతడు. అతని సాక్ష్యం విన్న తర్వాత ఇక వాదించడానికి ఏం మిగులుతుంది? దాదాపు అందరూ తక్షణ విడుదలవైపే నిలిచారు.

చర్చతో ఆగి ఉంటే పెద్దలు ఊరుకునేవారేమో. విద్యార్థులు పట్టణంలోని నల్లవారి మధ్య బడులు, బైబిలు తరగతులు పెట్టారు. వారి ఇళ్లకు వెళ్లారు, వారితో కలిసి తిరిగారు. వర్తకులకు మండిపోయింది. అధ్యక్షుడు లైమన్ బీచర్‌గారు, అధ్యాపకుల్లో చాలామంది ఊళ్లో లేని సెలవుల్లో ధర్మకర్తలు విద్యార్థుల సంఘాన్ని రద్దు చేసి, ఈ విషయంపై చర్చను నిషేధించడానికి పూనుకున్నారు. విద్యార్థుల పక్షాన నిలిచిన జాన్ మోర్గన్‌గారిని ఉద్యోగంనుండి తీసేశారు. బీచర్‌గారు చెడ్డవాడు కాడు. విద్యార్థులంటే ప్రేమ ఉంది, వెల్డ్ అంటే గౌరవమూ ఉంది. కానీ ఇరుపక్షాలనూ నిలుపుకోవాలని చూశాడు. అది సాగలేదు. ఆ అక్టోబరులో విద్యార్థులు గుంపుగా వెళ్లిపోయారు. కళాశాల దాదాపు ఖాళీ అయ్యింది.

వారిలో కొందరు దగ్గరలోని కమిన్స్‌విల్‌లో తమంతట తామే చదువుకుంటూ నల్లవారి బడులు నడిపారు. తర్వాత చాలామంది ఓబర్లిన్ కళాశాలకు చేరారు. నల్లజాతి విద్యార్థులను చేర్చుకోవాలన్న షరతు మీద 1835లో అక్కడి ధర్మకర్తలు సరిసమానంగా చీలిపోగా, అధ్యక్షస్థానంలో ఉన్న జాన్ కీప్‌గారి ఒక్క ఓటుతో తలుపు తెరుచుకుంది.

వెల్డ్ మాత్రం ఊరూరా ప్రసంగాలకు బయలుదేరాడు. గుడ్లు, రాళ్లు తిన్నాడు. 1836కల్లా గొంతు పోయింది. గొంతు పోయాక కలం పట్టాడు. 1838లో సౌత్ కరోలినాలోని దాసుల యజమానుల కుటుంబంలో పుట్టిన ఆంజెలినా గ్రిమ్కేను పెళ్లాడాడు. ఆమె, ఆమె అక్క సారా, అతడు కలిసి దక్షిణాది వార్తాపత్రికలను గుట్టలుగా పోసుకుని, యజమానులు తామే వేయించిన ప్రకటనలను ఏరి 1839లో ఒక పుస్తకం తెచ్చారు. బీచర్‌గారి కుమార్తె హారియట్ తన ప్రసిద్ధ నవలకు దానినుండే చాలా తీసుకుంది. తండ్రి నోరు మూయించలేకపోయిన వాదనను కూతురు ప్రపంచానికి వినిపించిందన్నమాట.

1868లో ఆంజెలినా ఒక పత్రికలో లింకన్ యూనివర్సిటీ అనే నల్లజాతి కళాశాల విద్యార్థి పేరు చూసింది. అది తన ఇంటిపేరే. విచారిస్తే, ఆ విద్యార్థి, అతని తమ్ముడు తన అన్నకు ఒక దాసురాలివల్ల కలిగిన పిల్లలని తెలిసింది. వెల్డ్ దంపతులు ఆ యువకులను మేనల్లుళ్లుగా బహిరంగంగా ఒప్పుకుని, చదువులకు సాయం చేశారు. పెద్దవాడు ఆర్చిబాల్డ్ హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం చదివాడు. చిన్నవాడు ఫ్రాన్సిస్ ప్రిన్స్‌టన్ సెమినరీలో చదివి వాషింగ్టన్‌లో పాస్టరయ్యాడు. వెల్డ్ 1895లో, 91వ ఏట కన్నుమూసేనాటికి ఫ్రాన్సిస్ ఆ పరిచర్యలోనే ఉన్నాడు.