1729 ముచ్చట అందరికీ ఎరుకే.. ఆ దవాఖాన ముచ్చటే ఎవ్వలూ చెప్పరు

లెక్కల సారు 1729 కథ చెప్పని బడి ఉండదు. హార్డీ అనే ఇంగ్లండ్ ప్రొఫెసర్ టాక్సీల వచ్చిండు. ఆ టాక్సీ నంబర్ 1729. ఉత్త సప్పటి నంబర్ అని ఆయన అనుకున్నడు. రామానుజన్ మాత్రం కాదన్నడు. రెండు ఘనాల మొత్తంగా రెండు తీర్ల రాయగలిగే నంబర్లల్ల అన్నిటికన్నా చిన్నది ఇదేనని టక్కున చెప్పిండు. 1 ఘనం, 12 ఘనం కలిపినా 1729. 9 ఘనం, 10 ఘనం కలిపినా 1729. క్లాసంత చప్పట్లు. కథ అయిపోయింది.

మరి హార్డీ టాక్సీ ఎక్కి ఎక్కడికి పోయిండో ఎన్నడన్న అడిగినమా? లండన్ల పుట్నీ అనే కాడ ఉన్న ఒక నర్సింగ్ హోంకు పోయిండు. రామానుజన్ ఆడ రోగంతోని మంచంల ఉన్నడు. అంటే మనం ఇన్నేండ్ల సంది చప్పట్లు కొడుతున్నది రోగిని చూడవోయిన ముచ్చటకు. ఆ మంచం కాడికి ఆయన ఎట్ల వచ్చిండు, నడుమ ఏమైంది అన్నది మాత్రం పాఠంల ఉండదు. తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, ఇయ్యాల ఆ మిగిలిన కథ చెప్పుకుందాం. ఎందుకంటే అది మన ఇండ్లల్ల నడిచే కథనే.

శ్రీనివాస రామానుజన్ 1887 డిసెంబర్ 22న ఈరోడ్‌ల పుట్టిండు, కుంభకోణంల పెరిగిండు. నాయిన బట్టల దుకాణంల గుమస్తా. తల్లి కోమలతమ్మాళ్ గుడిల భజనలు పాడేది. ఉన్నోళ్లేం కాదు. పోరడు మాత్రం 1897ల ప్రైమరీ పరీక్షల తంజావూరు జిల్లాకే ఫస్ట్ వచ్చిండు. 1904ల హైస్కూలు అయిపోయేటప్పటికి లెక్కలల్ల ప్రైజు, కాలేజీల స్కాలర్‌షిప్ వచ్చినయ్. ఊరంత మెచ్చుకుంది.

కాలేజీకి పోయినంక లెక్కలు తప్ప ఇంకేదీ పట్టలే. ఇంగ్లిష్ పోయింది, స్కాలర్‌షిప్ పోయింది. ఫీజు కట్టే తాకతు ఇంట్ల లేదు. జిల్లా ఫస్ట్ వచ్చిన పోరడు ఫెయిల్ అయిండంటే గల్లీల మొకం ఎట్ల చూపియ్యాలె? 1905 ఆగస్టుల, పద్దెనిమిదేండ్లు నిండక ముందే, ఎవ్వలకూ చెప్పకుండ ఇల్లిడిసి పోయిండు. ఎక్కడికో ఎరుకేనా? విశాఖపట్నానికి. తమిళ పోరడు, తెలుగు ఊరు, చేతుల పైసల్లేవ్. ఇంటోళ్లు ఆగమాగమై వెతికిన్రు. కొన్నాళ్లకు ఇంటికొచ్చిండు.

గిది మొదటి పారిపోవుడు. ఇంక రెండున్నయ్, గుర్తు పెట్టుకోండ్రి.

1906ల మద్రాసుల పచ్చయ్యప్ప కాలేజీల చేరిండు. ఎఫ్.ఏ పరీక్ష రాసిండు. ఎఫ్.ఏ అంటే ఇయ్యాల్టి ఇంటర్ లెక్క. ఫెయిల్. 1907ల మల్ల రాసిండు. మల్ల ఫెయిల్. లెక్కలల్ల తిరుగులేదు, శరీర శాస్త్రంల మాత్రం మార్కులే రాలే. ఇగ డిగ్రీ లేదు, నౌకరీ లేదు. 1909ల జానకితోని పెండ్లి చేసిన్రు, ఆమెకు అప్పుడు పదేండ్లు. రామానుజన్ నోటుబుక్కులు చంకల పెట్టుకొని పని కోసం ఊర్లు తిరిగిండు.

ఆ నోటుబుక్కులు తెరిచి చూసినోళ్లే ఆయన్ను నిలబెట్టిన్రు. అండ్ల ఒకాయన నెల్లూరు కలెక్టర్ రామచంద్రరావు. మొదట్ల నమ్మలే, తర్వాత సమజైంది. నెలకు 25 రూపాయలు తన జేబుల నుంచి ఇచ్చిండు. 1912ల మద్రాస్ పోర్ట్ ట్రస్టుల 30 రూపాయల గుమస్తా నౌకరీ దొరికింది. 1913 జనవరిల హార్డీకి ఉత్తరం రాసిండు. 1914 మార్చి 17న ఓడ ఎక్కిండు. సముద్రం దాటితే కులం పోతదనే రోజులవి. భార్య ఈడనే ఉండిపోయింది.

కేంబ్రిడ్జ్‌ల లెక్కల బతుకు మంచిగనే నడిచింది. మిగిలిన బతుకే నడవలే. పోయిన కొన్ని నెలలకే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. రామానుజన్ శాకాహారి, ఇంకొకల చేతి వంట తినడు. యుద్ధంల కూరగాయలు, పాలు దొరుకుడే కష్టం. రాత్రంత లెక్కలు, పొద్దు తప్పిన తిండి, ఒక్కోసారి అదీ లేదు.

గప్పటి ముచ్చట ఒకటి ఉన్నది. తర్వాతి కాలంల దేశానికే పెద్ద గణాంక శాస్త్రవేత్త అయిన మహలనోబిస్ అప్పుడు కేంబ్రిడ్జ్‌ల చదువుతున్నడు. ఒకనాడు రామానుజన్ గదికి పోయి చూస్తే, ఈయన రాత్రి పూట ఓవర్‌కోటు తొడుక్కొని, శాలువ కప్పుకొని సలికి వణుకుతున్నడని తెలిసింది. మంచం మీద దుప్పట్లు లేవా అంటే ఉన్నయ్. పరుపు కిందికి మలిచి, మీద గుడ్డ పరిచి ఉన్నయ్. వాటి లోపటికి దూరి పండాలని ఈయనకు ఎవ్వలూ చెప్పలే. ఈయన ఎవ్వల్నీ అడగలే. మహలనోబిస్ దుప్పట్లు లేపి చూపిచ్చిండు. గంతే పని. దానికి ఎవలో ఒకరు గదికి పోయి చూడాల్సి వచ్చింది.

మరి ఇంటి సంగతి? జానకి రాసిన ఉత్తరాలు ఆయనకు చేరకుండ, ఆయన రాసినవి ఆమెకు చేరకుండ తల్లి ఆపేదని జీవిత చరిత్రలు రాసినోళ్లు చెప్తరు. అత్తా కోడండ్ల లొల్లి ఈడ, దాని దెబ్బ ఆడ. భార్య ఎందుకు రాస్తలేదో ఆయనకు తెల్వది. మెల్లమెల్లగ ఆయన ఇంటికి రాసుడు కూడా తగ్గింది. హార్డీ రోజూ కలిసేటోడే, కానీ లెక్కలు తప్ప ఇంకో ముచ్చట మాట్లాడే మనిషి కాదు. ఇద్దరి నడుమ ఇంటి ముచ్చట, మనసు ముచ్చట రాలే.

ఒకసారి ఛటర్జీ అనే దోస్తును, ఆయన చేసుకోబోయే అమ్మాయిని బువ్వకు పిలిచిండు. స్వయంగ వండి వడ్డిచ్చిండు. మూడోసారి వడ్డించబోతే ఆడోళ్లు చాలన్నరు. రామానుజన్ చప్పుడు చేయకుండ బయటికి పోయిండు. మల్ల రాలే. ఆక్స్‌ఫర్డ్‌కు పోయి, పైసలు పంపమని ఆడికెల్లి తంతి కొట్టిండు. కొన్ని రోజులకు తిరిగొచ్చిండు. తన వంట నచ్చలేదనుకొని మనసు కష్టమైందట. గిది రెండో పారిపోవుడు. దోస్తులు దీన్ని నవ్వులాటకు చెప్పుకున్నరు. లోపల ఎంత నిండి ఉంటే గంత చిన్న మాటకు మనిషి పొర్లిపోతడో ఆలోచించిండ్రా?

1917ల పానం బాగలేక పడిపోయిండు. డాక్టర్లు ఒకసారి ఒకటన్నరు, ఇంకోసారి ఇంకోటన్నరు, ఆఖరుకు క్షయ అన్నరు. 1994ల యంగ్ అనే పరిశోధకుడు పాత రికార్డులన్నీ చదివి, అది కాలేయానికి పట్టిన అమీబా రోగం అయి ఉంటదని రాసిండు. ఏదైనా గాని, పానం బాగలేని మనిషిని ఊరికి దూరంగ శానిటోరియంలల్ల పెట్టిన్రు. సలి గాలి, నచ్చని తిండి, మాట్లాడే దిక్కు లేదు. అదే ఏడు ట్రినిటీ కాలేజీ ఫెలోగా తీసుకుంటదనుకుంటే, తీసుకోలే.

1918 మొదట్ల, లండన్ల ఒక భూగర్భ రైల్వే స్టేషన్ల, రామానుజన్ పానం తీసుకోబోయిండు. అది మూడో పారిపోవుడు. రైల్వే ఉద్యోగి ఒకాయన కంట పడింది, రైలు ఆగింది. కాళ్లకు దెబ్బలు తాకినయ్, పానం దక్కింది.

పోలీసులు పట్టుకున్నరు. ఎందుకంటే ఆ రోజుల్ల ఇంగ్లండ్ల ఆత్మహత్యా ప్రయత్నం నేరం. ఆ చట్టం 1961 దాకా ఉండె. హార్డీ ఉరికి పోయిండు. ఈయన రాయల్ సొసైటీ ఫెలో, పెద్ద శాస్త్రవేత్త అని చెప్పి విడిపిచ్చిండు. నిజానికి ఆ గౌరవం అప్పటికి చేతికి రాలే. తర్వాత నోబెల్ తీసుకున్న చంద్రశేఖర్‌కు ఈ సంగతి హార్డీ చెప్తే, ఆయన చానా ఏండ్లకు లోకానికి చెప్పిండు. అన్నేండ్లు దాచిపెట్టుడే సిగ్గు ఎంత బలమైందో చెప్తది.

ఇగ ఆ తర్వాత ఏమైందో చూడుండ్రి. ఆ ఏడే రాయల్ సొసైటీ ఫెలో అయిండు. అక్టోబర్‌ల ట్రినిటీ ఫెలో అయిండు, ఆ కాలేజీల మొదటి భారతీయుడు. అంటే ఓపిక పడితే అందరికీ ఫెలోషిప్‌లు వస్తయని చెప్తలేను. రావు. నేను చెప్పేది ఇంకోటి. ఆయన్ను మల్ల మనిషిని చేసింది బిరుదులు ఒక్కటే కాదు. రామలింగం అనే మన ఇంజినీరు మ్యాట్‌లాక్ శానిటోరియంకు పోయి, పక్కన కూసొని, ఏం తింటున్నడు, ఏం తింటలేడు అన్నీ చూసి హార్డీకి పేద్ద ఉత్తరం రాసిండు. లెక్కలు తప్ప మాట్లాడని హార్డీ, ఈయన్ను ఇంటికి పంపే ఏర్పాటు చేయాలని మద్రాసుకు రాసిండు. మద్రాసు యూనివర్సిటీ ఏడాదికి 250 పౌండ్లు ఇస్తమన్నది.

గప్పుడు రామానుజన్ ఏం చేసిండో ఎరుకేనా? 1919 జనవరిల ఉత్తరం రాసిండు. తన ఖర్సుకు పోను మిగిలిన పైసలు పేద పిల్లలు, తల్లిదండ్రులు లేని పిల్లల సదువుకు పెట్టమన్నడు. ఏడాది కింద బతుకు వద్దనుకున్న మనిషి, ఇంకొకల బిడ్డల ఫీజు గురించి ఆలోచించిండు. స్కాలర్‌షిప్ పోయిన పోరడు కదా, ఆ బాధ మర్చిపోలే.

1919ల దేశం వచ్చిండు. రోగం తగ్గలే. ఆఖరు ఏడాది జానకి పక్కన ఉండి సేవ చేసింది. ఆ మంచంల పడుకొనే, ఇయ్యాల్టికీ లోకం చదువుతున్న మాక్ థీటా ఫంక్షన్లు రాసిండు. 1920 ఏప్రిల్ 26న మద్రాసుల పోయిండు. 32 ఏండ్లు. రోగం తీసుకపోయింది. కానీ ఆ రైలు ఆగినంక రెండేండ్లు పైన బతికిండు. ఆ రెండేండ్లల్ల ఇంటికొచ్చిండు, భార్యను చూసిండు, మనసుకు నచ్చిన పని చేసిండు.

విడిపిచ్చిన హార్డీ సంగతి కూడా ఒక మాట. ముసలితనంల, లెక్కలు చేయలేని కాలంల, ఆయన కూడా 1947ల పానం తీసుకోబోయి బతికిండు. గప్పుడు చెల్లె దగ్గర ఉండి చూసుకుంది. సి.పి.స్నో అనే దోస్తు మంచం కాడికి వచ్చి క్రికెట్ ముచ్చట్లు చెప్పేటోడు. పెద్ద పెద్ద నీతులేం లేవు. ఎవడు ఎట్ల ఆడిండు, స్కోరెంత, గవ్వే. ధైర్యం చెప్పే మనిషికి కూడా ఒకనాడు ధైర్యం కావాలె.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మన కాడ మనసు బాగలేదంటే ఎర్రగడ్డకు పంపాలె అని నవ్వుతరు. ఆడివిల్లకు గాలి సోకిందంటరు, మొగపోరనికి మందు తాగితే సరిపోతదంటరు. 2019ల తెలంగాణ ఇంటర్ రిజల్ట్స్ వచ్చినప్పుడు 20 మందికి పైగా పిల్లలను పోగొట్టుకున్నం. అండ్ల ఎంతమంది చప్పుడు చేయకుండ కూసున్నరో, ఎంతమంది ఇంట్ల ఎవ్వలూ అడగలేదో ఆలోచించుండ్రి. దుబాయ్ క్యాంపుల, అమెరికా బేస్‌మెంట్ల ఉన్న మనోళ్లు వాట్సాప్ స్టేటస్‌ల నవ్వుతనే ఉంటరు. లోపటి సంగతి స్టేటస్‌ల రాదు.

రామానుజన్‌కు లేనివి ఇయ్యాల మనకు ఉన్నయ్. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, అట్లాంటి ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిల ఉన్నట్టు లెక్క. శిక్ష కాదు, వైద్యం ఇప్పియ్యాల్సిన బాధ్యత సర్కారుది. 2024 జులై నుంచి వచ్చిన కొత్త న్యాయ సంహితల పాత 309 సెక్షన్ లేనే లేదు. అంటే పోలీస్ కేసైతదని భయపడి దవాఖానకు తీసుకపోకుండ ఆగే పని లేదు. 14416కు ఫోన్ కొడితే టెలీ మానస్, ఉచితం, రాత్రి పగలు, తెలుగుల మాట్లాడొచ్చు. జిల్లా పెద్ద దవాఖానల మనసు డాక్టర్లు ఉంటరు, జరానికి పోయినట్టే పోవచ్చు.

నీ దోస్తు గ్రూపుల మెసేజ్ పెడ్తలేడా? రిజల్ట్ నాటి సంది బయటికి వస్తలేడా? ఊకె అలిగి పోతున్నడా? నవ్వులాట చెయ్యకు. ఇంటికి పో. చచ్చిపోవాలనిపిస్తుందా అని సీదా అడుగు. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్న బరువు దిగుతది. అవునంటే ఒక్కన్ని ఇడిసిపెట్టకు, ఇంటోళ్లకు చెప్పు, ఇద్దరు కలిసి ఫోన్ కొట్టుండ్రి. అది నీ సంగతే అయితే, ఇయ్యాల రాత్రి ఒక్క మనిషికన్న చెప్పు. అన్నకో, అక్కకో, సారుకో, 14416కో.

డిసెంబర్ 22న జాతీయ గణిత దినోత్సవం. ఈసారి బడిల 1729 చెప్పేటప్పుడు, ఆ టాక్సీ ఎక్కడికి పోయిందో పిల్లలకు చెప్పమని లెక్కల సారుకు చెప్పుండ్రి.