కాషాయం కట్టిన లౌకికవాది స్వామి రామానంద తీర్థ

తుంగభద్రకు ఆవలి గట్టున మంత్రాలయం, ఈవలి గట్టున రాయచూరు తాలూకా పల్లెలు. 1947 వరకు ఈ నది రెండు ఏలుబడుల మధ్య పొలిమేరగా ఉండేది. ఆవల ఆంగ్లేయుల పాలనలోని మద్రాసు రాష్ట్రం, ఈవల ఆసఫ్‌జాహీల హైదరాబాదు సంస్థానం. ఇడపనూరు పరిసరాల వంటి సరిహద్దు సీమలో ఇంట తెలుగు, సంతలో కన్నడం వినిపిస్తే, కచేరీలో నడిచేది మాత్రం ఉర్దూ. ఆ సంస్థాన ప్రజలకు బాధ్యతాయుత ప్రభుత్వం కావాలని పోరాడిన అగ్రనాయకుడు స్వామి రామానంద తీర్థ. ఆయన కాషాయ వస్త్రధారి, సర్వసంగ పరిత్యాగి. అయినప్పటికీ రాజ్యానికి మతం ఉండరాదన్నది ఆయన రాజకీయ జీవితానికి మూలసూత్రం. సన్న్యాసి ఒకరు ఈ మాటకు కట్టుబడి జైళ్ళ పాలు కావడం చరిత్రలో అరుదైన విషయం.

బాల్యం, విద్య, సన్న్యాసం

స్వామీజీ పూర్వాశ్రమ నామం వెంకటరావు ఖేడ్గీకర్. 1903 అక్టోబరు 3న నేటి కర్ణాటకలోని సిందగిలో ఒక సామాన్య కుటుంబంలో జన్మించారు. 1920లో లోకమాన్య తిలక్ మరణవార్త ఆ బాలుని హృదయాన్ని కదిలించింది. ఆజన్మ బ్రహ్మచర్యం పాటించి దేశసేవకు అంకితం కావాలని ఆనాడే సంకల్పించుకున్నారు. సహాయ నిరాకరణోద్యమ ప్రభావంతో జాతీయ విద్యాలయాల వైపు మొగ్గి, పూనాలోని తిలక్ విద్యాపీఠంలో ఉన్నత విద్య పూర్తిచేశారు. అనంతరం కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి వద్ద కార్యదర్శిగా పనిచేసి శ్రామికుల కష్టసుఖాలను దగ్గర నుంచి చూశారు.

ఆరోగ్యం దెబ్బతిన్న తరువాత ఆయన సంస్థానంలోని హిప్పర్గా జాతీయ పాఠశాలకు వచ్చి ఉపాధ్యాయ వృత్తి చేపట్టారు. 1930వ దశకం ఆరంభంలో స్వామి రామతీర్థ సంప్రదాయానికి చెందిన గురువు వద్ద సన్న్యాస దీక్ష స్వీకరించి రామానంద తీర్థ అయ్యారు. దీక్ష పుచ్చుకున్నా బడిని విడువలేదు. అంబాజోగాయిలోని యోగేశ్వరి పాఠశాలను తీర్చిదిద్దడంలో కొన్నేళ్ళు గడిపారు. కన్నడ సీమలో పుట్టి, మరాఠ్వాడాలో బడిపంతులై, చివరకు తెలుగు నేలపై కన్నుమూసిన ఆయన జీవితంలో సంస్థానంలోని మూడు భాషల ప్రాంతాలూ కలిసిపోయాయి.

ఆనాటి సంస్థానం

హైదరాబాదు సంస్థానం వైశాల్యం సుమారు 82 వేల చదరపు మైళ్ళు. 1941 జనాభా లెక్కల నాటికి అక్కడ కోటి 60 లక్షల మందికి పైగా నివసించేవారు. వారిలో సగానికి కొంచెం తక్కువ మంది తెలుగువారు. నాలుగో వంతు మరాఠీలు, ఎనిమిదో వంతు కన్నడిగులు. జనాభాలో అత్యధికులు హిందువులు కాగా, ప్రభువు ముస్లిం. ఉన్నతోద్యోగాల్లోనూ, పోలీసు, సైనిక శాఖల్లోనూ పాలక వర్గానికే పెద్దపీట లభించేది. సభ జరుపుకోవాలంటే ముందుగా సర్కారు అనుమతి పొందవలసిందేనని గస్తీ నిషాన్ 53 శాసించింది.

ఐతే దీన్ని హిందూ ముస్లిముల తగవుగా మాత్రమే చూస్తే పొరపాటు. పల్లెల్లో రైతుల నడ్డి విరిచిన దేశ్‌ముఖులలో, జాగీర్దారులలో హిందువులూ ఉన్నారు. పేద ముస్లిం రైతు బతుకు పొరుగింటి హిందువు బతుకు కంటె మెరుగైనది కాదు. పీర్ల పండుగకు ఊరంతా కదిలి రావడం ఈ ప్రాంతంలో తరతరాల ఆచారం. నిజాం ప్రభువు భద్రాచలం, యాదగిరిగుట్ట వంటి దేవాలయాలకు కానుకలు ఇచ్చిన మాటా వాస్తవమే. కాని కానుక వేరు, హక్కు వేరు. ప్రభువు దయతో ఇచ్చినది ప్రభువు కోపంతో పోవచ్చు. పౌరుని హక్కు ఎవరి దయ మీదా ఆధారపడదు. స్వామీజీ కోరిన బాధ్యతాయుత ప్రభుత్వంలోని అంతరార్థం ఇదే.

మరోవైపు 1927లో ఏర్పడిన మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ క్రమంగా బలపడి, రాజ్యాధికారం ముస్లిం సమాజానికే చెందినదనే వాదాన్ని ప్రచారం చేసింది. దానికి పోటీగా ఆర్యసమాజం, హిందూ మహాసభ హిందువులను కూడగట్టసాగాయి. ఒక మతం పేరిట సింహాసనం, మరొక మతం పేరిట తిరుగుబాటు అన్న ఈ రెండు దారుల మధ్య మూడవ దారిని నిలబెట్టడమే స్వామీజీ ముందున్న పరీక్ష.

1938 నాటి పరీక్ష

1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్ స్థాపనకు పూనుకోగానే, అది ఇంకా పుట్టకముందే నిజాం ప్రభుత్వం నిషేధించింది. ఆ సంస్థ మతతత్వంతో కూడినదన్నది సర్కారు చూపిన కారణాలలో ఒకటి. అక్టోబరు 24న సత్యాగ్రహం ఆరంభమయింది. స్వామీజీ అందులో పాల్గొని కారాగారం పాలయ్యారు. ఆ రోజుల్లోనే ఆర్యసమాజం, హిందూ మహాసభ మతపరమైన కోర్కెలతో వేరుగా సత్యాగ్రహం నడిపాయి. వేలాది మంది బయటి ప్రాంతాల నుంచి వచ్చి అందులో చేరారు. రెండు ఉద్యమాలూ కలగలిసి కనిపించేసరికి సర్కారు ఆరోపణకు బలం చేకూరినట్లయింది.

ఈ పరిస్థితిలో గాంధీజీ సలహా మేరకు స్టేట్ కాంగ్రెస్ 1938 డిసెంబరులో తన సత్యాగ్రహాన్ని నిలిపివేసింది. ఊపు మీద ఉన్న ఉద్యమాన్ని ఆపడం కార్యకర్తలకు మింగుడు పడని విషయం. మత సంస్థల పోరాటం 1939 ఆగస్టు వరకు సాగి కొన్ని రాయితీలు సాధించింది. స్టేట్ కాంగ్రెస్‌పై నిషేధం మాత్రం 1946 జూలై వరకు తొలగలేదు. అంటే మతం పేరు చెప్పిన వారికి ఏడాదిలోపే ఫలితం దక్కగా, పౌరులందరి పేరు చెప్పిన వారు దాదాపు ఎనిమిదేళ్ళు ఎదురుచూడవలసి వచ్చింది. ఈ ఎనిమిదేళ్ళలో స్వామీజీ సులువైన దారి తొక్కలేదు. కాషాయధారి పిలిస్తే హిందూ ప్రజ కదిలి వచ్చేదే. కాని ఆయన ఆ బలాన్ని వాడుకొనక, 1940లో గాంధీజీ అనుమతితో వ్యక్తిగత సత్యాగ్రహం చేసి మళ్ళీ జైలుకు వెళ్ళారు.

విశ్వాసులే కోరిన గోడ

మతాన్ని ప్రభుత్వానికి దూరంగా ఉంచమని కోరేవారందరూ నాస్తికులే అనే అపోహ అనేక దేశాల్లో ఉంది. అమెరికా చరిత్ర కూడా ఇది నిజం కాదని చెబుతుంది. 1636లో ప్రావిడెన్స్ పట్టణాన్ని స్థాపించి, అక్కడ ఏ మతశాఖకూ ప్రభుత్వ పీఠం లేకుండా చేసిన రోజర్ విలియమ్స్ స్వయంగా క్రైస్తవ బోధకుడు. 1791లో అమలులోకి వచ్చిన రాజ్యాంగ మొదటి సవరణ ప్రభుత్వం మతాన్ని నెలకొల్పరాదనీ, మతాచరణను అడ్డుకోరాదనీ రెండు నియమాలను ఒకేచోట పెట్టింది. మతానికీ రాజ్యానికీ నడుమ గోడ ఉండాలనే ఉపమానాన్ని 1802లో అధ్యక్షుడు జెఫర్సన్ వాడినది కనెక్టికట్ రాష్ట్రంలోని బాప్టిస్టు విశ్వాసులకు రాసిన జాబులోనే. ఆ రాష్ట్రంలో వేరొక క్రైస్తవ శాఖకు సర్కారు అండ ఉండేది. ఆ గోడ ఎంత ఎత్తున ఉండాలనే వాదం ఆ దేశంలో నేటికీ సాగుతున్నది. బాప్టిస్టులకు అర్థమైన సంగతే స్వామీజీకీ అర్థమయింది. సింహాసనమెక్కిన మతం అన్యమతస్థులకు భయాన్ని, స్వమతస్థులకు అహంకారాన్ని కలిగిస్తుంది.

1947-48

నిషేధం తొలగిన తరువాత జరిగిన అధ్యక్ష ఎన్నికలో స్వామీజీ బూర్గుల రామకృష్ణారావుపై స్వల్ప ఆధిక్యంతో గెలుపొందారు. 1947 జూన్‌లో నిజాం స్వతంత్రంగా ఉంటానని ప్రకటించగా, స్టేట్ కాంగ్రెస్ భారత యూనియన్‌లో విలీనం కోరుతూ ఆగస్టు 7న ఉద్యమం ప్రారంభించింది. దేశమంతా స్వాతంత్ర్య వేడుకల్లో మునిగిన ఆగస్టు 15న స్వామీజీని నిర్బంధించారు. నవంబరులో యథాతథ ఒడంబడిక కుదిరిన సందర్భంలో విడుదలయినా, 1948 జనవరిలో మళ్ళీ అరెస్టయ్యారు.

కాశిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్ల దౌర్జన్యాలు పెచ్చుమీరడంతో అనేక గ్రామాల ప్రజలు సరిహద్దు దాటి తలదాచుకున్నారు. సరిహద్దు వెంబడి ప్రతిఘటన శిబిరాలు వెలిశాయి. అప్పట్లో రాయచూరు జిల్లాలో భాగమైన కొప్పళ ప్రాంతానికి చెందిన అళవండి శివమూర్తి స్వామి ముండరగి శిబిరానికి నాయకత్వం వహించారు. మరోవైపు ఉర్దూ పత్రిక ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ విలీనాన్ని సమర్థిస్తూ, రజాకార్లను విమర్శిస్తూ రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాదు వీధిలో హత్యకు గురయ్యారు. జైలులో ఉన్న హిందూ సన్న్యాసి, వీధిలో నేలకొరిగిన ముస్లిం పాత్రికేయుడు ఒకే ఆశయానికి నిలబడ్డారు.

సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించి, 17న నిజాం లొంగిపోవడంతో స్వామీజీ విడుదలయ్యారు. కాని ఆ విజయానికి వెన్నంటి ఒక విషాదం వచ్చింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాల్లో ముస్లింలపై ప్రతీకార హింస చెలరేగింది. భారత ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం 27 వేల నుంచి 40 వేల మంది వరకు మరణించి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక 2013 వరకు ప్రజలకు అందుబాటులోకి రాలేదు. రజాకార్లు చేసినది ఎంత ఘోరమో, వారి పాపాన్ని ఆ మతంలో పుట్టిన నిరపరాధులకు అంటగట్టడమూ అంతే ఘోరం. స్వామీజీ నమ్మిన సూత్రం ఓడిన పాలకుల పక్షానికే కాక, గెలిచిన పక్షానికీ వర్తించేదని ఆ నెలలు చాటాయి.

రాజ్యాంగం, రాష్ట్రాల విభజన

1950 జనవరి 26న అమలులోకి వచ్చిన భారత రాజ్యాంగం మతాన్ని బట్టి పౌరుల పట్ల వివక్ష చూపరాదని శాసించింది. ప్రతివారికీ మత స్వాతంత్ర్యం ఇచ్చింది. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ ఉండరాదన్నది. నాటి నుంచి నిజాం 1956 అక్టోబరు 31 వరకు రాజప్రముఖ్‌గా కొనసాగినా, అధికారం ప్రజలెన్నుకున్న ప్రభుత్వం చేతికి వచ్చింది. 1952లో స్వామీజీ గుల్బర్గా నుంచి, 1957లో ఔరంగాబాదు నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ముఖ్యమంత్రి పదవి ఆయన చేపట్టలేదు.

హైదరాబాదు రాష్ట్రాన్ని భాషల ప్రాతిపదికన విభజించాలని స్వామీజీ గట్టిగా వాదించారు. ప్రజల భాషలో పాలన సాగితేనే ప్రజాస్వామ్యం పల్లెకు చేరుతుందన్నది ఈ వాదం వెనుకనున్న భావం. 1956 నవంబరు 1న రాయచూరు జిల్లాలో గద్వాల, ఆలంపూరు తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు, మిగిలినది మైసూరు రాష్ట్రానికి చెందాయి. అలా తెలుగు మాట్లాడే అనేక సరిహద్దు పల్లెలు కన్నడ రాష్ట్రంలో అల్పసంఖ్యాకమయ్యాయి. ఒక హద్దు ఎక్కడ గీసినా అవతల కొందరు మిగిలిపోతారు. వారికి రక్ష భాష పేరిటనో మతం పేరిటనో ఏర్పడిన సంఖ్యాబలం కాదు. సమాన పౌరసత్వమే వారికి రక్ష.

చివరి రోజులు

రాజకీయాల నుంచి వైదొలగిన స్వామీజీ 1972 జనవరి 22న హైదరాబాదులో పరమపదించారు. బేగంపేటలో ఆయన సమాధి ఉంది. ఆయన శిష్యులలో ఒకరైన పి.వి. నరసింహారావు 1991లో దేశ ప్రధాని అయ్యారు. నాందేడులో 1994లో స్థాపితమైన విశ్వవిద్యాలయం స్వామీజీ పేరును ధరించింది.

ఏటా సెప్టెంబరు 17 రాగానే సరిహద్దుకు ఇరువైపులా జెండాలు ఎగురుతాయి. ఆ దినాన్ని ఏ పేరుతో పిలవాలన్న వాదోపవాదాలూ రేగుతాయి. ఒక మతంపై మరొక మతం సాధించిన విజయంగా దాన్ని చిత్రించేవారూ ఉన్నారు. కాని ఆనాడు జైలు నుంచి బయటకు వచ్చిన నాయకుడు హిందూ రాజ్యం కోసం జైలుకు వెళ్ళినవాడు కాదు. ఆయన నమ్మిన దైవం ఆయన హృదయంలో ఉంది, ఆయన కోరిన ప్రభుత్వం అందరిదీ. ఇడపనూరు వంటి పల్లెల్లో గుడిగంట, మసీదు పిలుపు ఒకే గాలిలో కలిసి వినిపించినంత కాలం స్వామి రామానంద తీర్థ జీవితం చదువదగినదిగానే ఉంటుంది.