కొయ్యబొమ్మకు ప్రాణం పోసిన కొల్లోడి

అబద్ధమాడితే ముక్కు పొడవయ్యే కొయ్యబొమ్మ పినోకియోను ఎరుగని బాలలు అరుదు. ఆ బొమ్మను సృష్టించిన రచయిత జీవితం మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. ఆయన అసలు పేరు కార్లో లోరెంజీని. 1826 నవంబరు 24న ఇటలీలోని ఫ్లోరెన్సు నగరంలో జన్మించారు. తండ్రి ఒక ప్రభువు ఇంట వంటవాడు. తల్లి కూడా ఆ ఇంటనే కొలువు చేసేది. పదిమంది సంతానంలో కార్లో పెద్దవారు. తోబుట్టువులలో పలువురు పసితనంలోనే కన్నుమూశారు. బాల్యంలో కొంతకాలం ఆయన కొల్లోడి అనే పల్లెలో మాతామహుల వద్ద పెరిగారు. తరువాత ఆ ఊరి పేరునే కలం పేరుగా స్వీకరించారు.

యౌవనంలో పుస్తకాల దుకాణంలో పనిచేశారు. 1848లోను, 1859లోను ఇటలీ స్వాతంత్ర్యం కోసం ఆస్ట్రియాపై జరిగిన యుద్ధాలలో స్వచ్ఛందంగా పాల్గొన్నారు. హాస్యపత్రిక నడిపారు. 1861లో ఇటలీ ఒకే రాజ్యంగా ఏర్పడిన నాటికి ఆ దేశంలో నూటికి డెబ్బైమందికి పైగా నిరక్షరాస్యులు. ఒక్కొక్క ప్రాంతానిది ఒక్కొక్క పలుకు. అట్టి కాలంలో ఆయన నిఘంటు నిర్మాణంలో పాలుపంచుకున్నారు, పిల్లలకు వాచకాలు రచించారు.

1881 జూలై 7న ఒక బాలల పత్రికలో పినోకియో కథ ధారావాహికగా మొదలయింది. అప్పటికి ఆయన వయస్సు 54 సంవత్సరాలు. కథలో వడ్రంగి జెప్పెట్టో కొయ్యను చెక్కుతూ ఉండగానే బొమ్మ కళ్ళు కదులుతాయి, నోరు వెక్కిరిస్తుంది, చేతులు అతని పెట్టుడుజుట్టు లాగివేస్తాయి, కాళ్ళు తయారు కాగానే వీధిలోకి పరుగెడతాయి. బొమ్మ ఎటువంటిదో కొల్లోడి వర్ణించి చెప్పలేదు. అది చేసిన పనుల ద్వారానే చూపించారు.

జెప్పెట్టో పేదరికాన్నీ అదే విధంగా చూపారు. అతని ఇంట పొయ్యి, దాని పక్కన కుండ గోడమీద వేసిన బొమ్మలే. తన ఫలహారానికి దాచుకున్న మూడు పళ్ళను అతడు బిడ్డకు ఇస్తాడు. తొక్క తీయనిదే తిననని మొరాయించిన పినోకియో, ఆకలి తీరక చివరకు తొక్కలు కూడా తింటాడు. మంచు కురిసే రోజున తండ్రి తన కోటు అమ్మి వాచకం కొని తెస్తాడు. బడికి బయలుదేరిన కొడుకు దారిలో బొమ్మలాట చూడడానికి ఆ వాచకాన్నే అమ్మివేస్తాడు. తండ్రి చలికి వణుకుతున్నాడని వాడు ఎరుగును, అయినా ఆటమీది మోజు ఆపుకోలేడు. నీతిపాఠంలోని పిల్లవానికి ఈ పెనుగులాట ఉండదు. పినోకియో సజీవుడైనది ఇందువల్లనే.

అంతటి పాత్రను రచయిత చంపదలచారు. 15వ అధ్యాయంలో దొంగలు పినోకియోను చెట్టుకు ఉరితీయడంతో 1881లో కథ ముగిసింది. బాలపాఠకులు అంగీకరించలేదు. కథ కొనసాగించాలని పత్రికకు విన్నపాలు వచ్చాయి. 1882 ఫిబ్రవరిలో నీలికురుల దేవత బొమ్మను బతికించింది. కథ 1883 జనవరి వరకు సాగి, ఆ ఏడే పుస్తకంగా వెలువడింది.

కొనసాగిన భాగంలోనే పినోకియో మనిషి అవుతాడు. జబ్బుపడిన తండ్రికి ఒక గ్లాసు పాల కోసం తోటలో నూరు బొక్కెనల నీరు తోడుతాడు, బుట్టలు అల్లుతాడు, రాత్రివేళ చదువుకుంటాడు. కోటు అమ్మిన తండ్రి ఋణం అలా తీరుతుంది. కథ ఉరితోనే ఆగిపోయి ఉంటే ఆ కొడుకుకు ఈ అవకాశం దక్కేది కాదు.

కొల్లోడి వివాహం చేసుకోలేదు. 1890 అక్టోబరు 26న ఫ్లోరెన్సులో మరణించారు. తన పుస్తకం అనేక ప్రపంచభాషలలోకి పాకడం ఆయన చూడలేదు. 1956లో కొల్లోడి గ్రామంలో పినోకియో పేరిట ఉద్యానవనం వెలసింది. తాతగారి ఊరు మనుమని పేరుతో లోకానికి తెలిసింది.