పిస్టల్ పీట్



ఈసారి గోడపత్రికకు పీట్ మారవిచ్ అనే అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడి జీవితం రాస్తున్నాను. ఆట రానివాళ్ళు కూడా చదవండి, అర్థమయ్యేలాగే రాశాను. ఇతను కాలేజీలో మూడేళ్ళు ఆడి 3,667 పాయింట్లు చేశాడు. ఆడిన మ్యాచ్‌లు 83. నేను భాగహారం చేసి చూశాను, మ్యాచ్‌కి 44 పైనే వస్తుంది. కొన్ని చోట్ల జట్టు మొత్తం కలిసినా అన్ని రావు. అయినా అతని కాలేజీ జట్టు అక్కడి జాతీయ చాంపియన్‌షిప్ టోర్నమెంటులో ఒక్కసారి కూడా ఆడలేకపోయింది. ఎందుకు? ఆ ప్రశ్న నాకు తోచింది కాబట్టే ఇది రాస్తున్నాను.

తండ్రి, కొడుకు

పీట్ 1947 జూన్ 22న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని అలిక్విప్పాలో పుట్టాడు. అది ఉక్కు ఫ్యాక్టరీ ఊరు. తండ్రి పేరు ప్రెస్ మారవిచ్. ఆయన వాళ్ళు అమెరికాకు వలస వచ్చిన సెర్బ్ జాతివాళ్ళు. ప్రెస్ కూడా బాస్కెట్‌బాల్ ఆటగాడే, ఆ తర్వాత కోచ్ అయ్యాడు. తన కొడుకు లోకంలో అందరికంటే బాగా ఆడాలని ఆయన కోరిక. చిన్నప్పుడే బంతి చేతికిచ్చాడు.

ఆ పిల్లవాడు బంతిని వదిలేవాడు కాదు. రాత్రి పక్కలో పెట్టుకుని పడుకునేవాడు. ఊళ్ళోకి వెళ్ళాలంటే దారి పొడుగునా డ్రిబ్లింగ్ చేసుకుంటూ నడిచేవాడు. డ్రిబ్లింగ్ అంటే బంతిని నేలకు కొట్టుకుంటూ పోవడం. సైకిల్ మీద పోతూ కూడా కొట్టేవాడు. సినిమాకి వెళితే నడవ పక్క సీటు చూసుకుని కూర్చునేవాడు, సినిమా చూస్తూ చేత్తో బంతి ఆడించడానికి. ఇంకో సంగతి చదివితే నేను మొదట నమ్మలేదు. తండ్రి కారు నడుపుతుంటే పీట్ పక్కకి వంగి, చెయ్యి బయట పెట్టి, రోడ్డు మీద బంతి కొట్టేవాడట. తండ్రి వేగం పెంచేవాడు, తగ్గించేవాడు. బంతి మాత్రం చెయ్యి దాటి పోకూడదు. కళ్ళకు గంతలు కట్టుకుని కూడా సాధన చేశాడు.

ఎనిమిదో తరగతిలోనే హైస్కూల్ జట్టులో ఆడాడు. అప్పటికి చాలా బక్కగా ఉండేవాడు. బంతిని భుజం దగ్గర నుంచి విసరడానికి బలం చాలేది కాదు. అందుకని నడుము దగ్గర నుంచి విసిరేవాడు. నడుముకి కట్టిన పిస్టల్ తీసి కాల్చినట్టు ఉందని ఒక విలేకరి పేపర్లో రాశాడు. అలా పిస్టల్ పీట్ అన్న పేరు వచ్చింది. చివరిదాకా అదే పేరు.

కాలేజీలో

1966లో ప్రెస్‌ని లూసియానా స్టేట్ యూనివర్సిటీ కోచ్‌గా తీసుకుంది. పీట్‌కి వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీలో చేరాలని ఉండేది. తండ్రి ఒప్పుకోలేదు. నా దగ్గరే ఆడాలి, లేకపోతే ఇంటికి రావద్దు అన్నట్టు మాట్లాడాడు. పీట్ లూసియానాలోనే చేరాడు. ఇక నుంచి ఇంట్లో తండ్రీ కోచ్చే, మైదానంలో కోచ్చూ తండ్రే.

ఆ యూనివర్సిటీ జట్టు అప్పట్లో చాలా బలహీనం. 1966-67లో 26 మ్యాచ్‌లు ఆడి 3 మాత్రమే గెలిచింది. ఆడే చోటు కూడా పశువుల ప్రదర్శనలు జరిగే పెద్ద కట్టడం. జనం దాన్ని ఆవుల ప్యాలెస్ అనేవాళ్ళు.

ఆ రోజుల్లో మొదటి ఏడాది విద్యార్థి పెద్ద జట్టులో ఆడకూడదని రూలు. పీట్ జూనియర్ల జట్టులో ఆడాడు. జూనియర్ల ఆట ముందు, పెద్దవాళ్ళ ఆట తర్వాత ఉండేది. జనం పీట్ ఆట చూడ్డానికి వచ్చి, అది అయిపోగానే ఇళ్ళకు వెళ్ళిపోయేవాళ్ళట! పాపం పెద్ద జట్టువాళ్ళు ఖాళీ కుర్చీల ముందు ఆడాల్సి వచ్చింది.

రెండో ఏడాది నుంచి పెద్ద జట్టులోకి వచ్చాడు. పొడుగు జుట్టు, జారిపోయే బూడిదరంగు సాక్సులు. వీపు వెనక నుంచి పాస్, కాళ్ళ మధ్య నుంచి పాస్, ఒకవైపు చూస్తూ ఇంకోవైపు పాస్. వరసగా మూడేళ్ళూ సగటు 43.8, 44.2, 44.5. మూడేళ్ళూ దేశంలో అతనే మొదటివాడు. 1970 జనవరి 31న ఆస్కార్ రాబర్ట్‌సన్ పేర ఉన్న 2,973 పాయింట్ల రికార్డు దాటేశాడు.

ఒక విషయం గమనించండి. దూరం నుంచి వేస్తే మూడు పాయింట్లిచ్చే గీత అప్పుడు కాలేజీ ఆటలో లేదు. ఎంత దూరం నుంచి వేసినా రెండే. పీట్ చాలా దూరం నుంచి వేసేవాడు. ఆ గీత ఉండి ఉంటే అతని లెక్క ఇంకా ఎంతో పెరిగేది.

69 పాయింట్ల రాత్రి

1970 ఫిబ్రవరి 7. అలబామా జట్టుతో మ్యాచ్. పీట్ ఆ రోజు 69 పాయింట్లు చేశాడు. రింగులో వేసినవి 26, ఒక్కోటి రెండు పాయింట్లు, అంటే 52. ఫౌల్ చేసినందుకు ఇచ్చే ఫ్రీ త్రోలు 17, అవి ఒక్కోటి ఒక పాయింటు. 52కి 17 కలిపితే 69. లెక్క సరిపోయింది.

మరి మ్యాచ్? 106-104తో అలబామా గెలిచింది. రెండే రెండు పాయింట్లు తేడా. జీవితంలో అందరికంటే ఎక్కువ పాయింట్లు చేసిన రోజున అతను ఓడిపోయిన జట్టుతో మైదానం దాటి బయటికి వచ్చాడు.

నేను ఇంకో లెక్క కూడా చూశాను. ఆ రోజు అతను రింగు వైపు 57 సార్లు విసిరాడు. 26 పడ్డాయి, 31 తప్పాయి. మూడేళ్ళలో మొత్తం 3,166 సార్లు విసిరాడు, 1,387 పడ్డాయి. అంటే మ్యాచ్‌కి 38 సార్లు అతనే విసిరాడన్నమాట. ఐదుగురు ఆడే ఆటలో ఒక్కడే అన్నిసార్లు వేస్తే మిగతా నలుగురికి ఏం మిగులుతుంది? తప్పు అతనిదే అని నేను అనను. తండ్రి వేసిన పథకమే అది. ఎదుటి జట్లు కూడా అతన్ని ఒక్కణ్ణి చుట్టుముడితే చాలనుకునేవి.

ఇంకొకటి కూడా రాయాలి. పీట్ ఆడిన కాలంలో ఆ యూనివర్సిటీ జట్టులో ఒక్క నల్లజాతి ఆటగాడు కూడా లేడు. 1971లో కాలిస్ టెంపుల్ మొదటివాడుగా వచ్చాడు. అప్పటికి పీట్ వెళ్ళిపోయాడు. అంటే పక్కన నిలబడి ఆడగలిగిన మంచి ఆటగాళ్ళు ఎంతమంది గేటు బయటే ఉండిపోయారో!

పీట్ వల్ల జట్టు మెరుగైన మాట నిజమే. 3 గెలుపుల జట్టు 1969-70లో 22 గెలుపుల జట్టు అయింది. న్యూయార్క్‌లో జరిగిన ఎన్.ఐ.టి. టోర్నమెంటుకి వెళ్ళింది. అక్కడ సెమీఫైనల్లో మార్కెట్ జట్టు చేతిలో ఓడింది. జాతీయ చాంపియన్‌షిప్ టోర్నమెంటుకి మాత్రం మూడేళ్ళలో ఒక్కసారి కూడా పిలుపు రాలేదు.

ఆ తర్వాత

1970లో అట్లాంటా హాక్స్ అనే వృత్తి జట్టు సుమారు 19 లక్షల డాలర్లకు అతన్ని తీసుకుంది. కొత్తగా వచ్చిన కుర్రాడికి అంత డబ్బా అని పాత ఆటగాళ్ళు కొందరికి గిట్టలేదు. తర్వాత న్యూ ఆర్లియన్స్ జాజ్ జట్టుకి వెళ్ళాడు. 1977లో న్యూయార్క్ నిక్స్ మీద 68 పాయింట్లు చేశాడు. ఆ మరుసటి ఏడాది మోకాలు దెబ్బతింది. 1980లో ఆట మానేశాడు.

ఇవన్నీ పైకి కనిపించేవి. లోపల సుఖం లేదు. చిన్న వయసులోనే తాగుడు అలవాటయిందని అతనే తర్వాత పుస్తకంలో చెప్పుకున్నాడు. 1974లో తల్లి పోయింది. ఎన్ని పాయింట్లు చేసినా తృప్తి ఉండేది కాదట. చివరికి తాగుడు మానేసి పిల్లలకు ఆట నేర్పడం మొదలుపెట్టాడు. తండ్రికి జబ్బు చేస్తే దగ్గరుండి చూసుకున్నాడు. 1987లో ప్రెస్ చనిపోయాడు.

గుండె

1988 జనవరి 5న కాలిఫోర్నియాలోని పాసడీనాలో కొందరు స్నేహితులతో సరదాగా బాస్కెట్‌బాల్ ఆడుతూ పీట్ కింద పడిపోయాడు. మళ్ళీ లేవలేదు. వయసు 40.

తర్వాత డాక్టర్లు పరీక్ష చేసి చూస్తే ఒక వింత బయటపడింది. మన గుండె ఒళ్ళంతటికీ రక్తం పంపుతుంది కదా, ఆ గుండె కండరానికి కూడా రక్తం కావాలి. దానికి ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి రెండు ముఖ్యమైన ధమనులు ఉంటాయి. పీట్‌కి పుట్టుకతోనే ఎడమది లేదు. కుడి ధమని ఒక్కటే రెండింటి పనీ చేసింది. అలాంటివాళ్ళు పరుగెత్తే ఆటలు ఆడటమే కష్టం. అతను ఆ ఒక్క ధమనితోనే కారు పక్కన బంతి కొట్టాడు, 69 పాయింట్లు చేశాడు, పదేళ్ళు వృత్తి ఆటగాడిగా ఆడాడు. ఆ సంగతి అతనికీ తెలియదు, తండ్రికీ తెలియదు.

రెండు పనులు ఒక్కటే చేస్తూ వచ్చిన ఆ ధమని గురించి చదివినప్పుడు నాకు అతని కాలేజీ జట్టే గుర్తొచ్చింది.

నాకు అనిపించినది

2023లో ఆంట్వాన్ డేవిస్ అనే ఆటగాడు ఐదేళ్ళలో 144 మ్యాచ్‌లు ఆడి 3,664 దగ్గర ఆగాడు. మూడే పాయింట్లు తక్కువ! 2024 మార్చిలో కైట్లిన్ క్లార్క్ అనే అయోవా యూనివర్సిటీ అమ్మాయి 3,667 దాటింది. ఈ సంగతి ఆడపిల్లలు గుర్తు పెట్టుకోవాలి. మూడేళ్ళలో 83 మ్యాచ్‌లతో మాత్రం అంత ఎవరూ చేయలేదు.

పీట్ దగ్గర మనం తీసుకోవలసింది సాధన. మైదానం దాకా పోనక్కరలేదు, నడిచే దారే అతనికి మైదానం అయింది. తీసుకోకూడనిది కూడా ఒకటి ఉంది. బంతి ఒక్కడి చేతిలోనే ఉంటే రికార్డు వస్తుంది గానీ గెలుపు రాదు. అలబామాలో తేడా రెండే పాయింట్లు. తప్పిపోయిన ఆ 31లో ఒక్కటి పక్కవాడికి పాస్ ఇచ్చి ఉంటే ఏమయ్యేదో అని నేను చాలాసేపు ఆలోచించాను.

ఈ సాయంత్రం ఆటకి వచ్చేవాళ్ళు కూడా ఒకసారి ఆలోచించండి. బంతి మీ చేతికి వచ్చినప్పుడు ముందు పక్కన ఎవరున్నారో చూడండి.