కత్తెర నేర్పిన చూపు: ఆదుర్తి సుబ్బారావు

1912లో రాజమహేంద్రవరంలో జన్మించిన ఆదుర్తి సుబ్బారావుగారు బొంబాయిలో ఛాయాగ్రహణం అభ్యసించి, ఫిల్ము కడిగే ప్రయోగశాల నుండి ఎడిటింగు గదిలోకి ప్రవేశించారు. ఉదయశంకర్ ‘కల్పన’ (1948)కు సహాయకులుగా పనిచేశారు. ఏది తీయవలెనో కాదు, ఏది విడువవలెనో ఆ కత్తెరే ఆయనకు నేర్పి ఉంటుంది.

1954లో ‘అమరసందేశం’తో దర్శకులైనారు. అన్నపూర్ణావారి ‘తోడికోడళ్ళు’, ‘మాంగల్యబలం’ ఆయన పేరును ఇంటింటికీ చేర్చినవి. 1964 నాటి ‘మూగమనసులు’ సంగతి చెప్పనే అక్కరలేదు. మరుసటి ఏడే కొత్త నాయికానాయకులతో, అదీ రంగులలో, ‘తేనెమనసులు’ తీయడం సాహసమే. కృష్ణ కథానాయకుడైనది దానితోనే.

అసలు సాహసం ఇంకొకటి. జనం మెచ్చే చిత్రాలతో వచ్చిన పేరును పణంగా పెట్టి, అక్కినేని నాగేశ్వరరావుగారితో కలిసి చక్రవర్తి చిత్ర పేరిట స్వయంగా నిర్మాత అయి, 1967లో ‘సుడిగుండాలు’ తీశారు. సరదాకు హత్యచేసిన యువకులు, కొడుకును పోగొట్టుకొనియు వారి పక్షాన వాదించే తండ్రి — పెట్టుబడిదారు ఎవడైనా వెనుదీసే ఇతివృత్తమిది! జాతీయ బహుమతీ, నందీ లభించినవి. అంతటితో ఆగక 1970లో, కులమెరుగక పెరిగే బిడ్డల కథగా ‘మరో ప్రపంచం’ తీశారు. మెప్పు వచ్చింది, డబ్బు రాలేదు.

1975 అక్టోబరు 1న ఆయన కన్నుమూశారు. ఆయన వద్ద పని నేర్చిన కె. విశ్వనాథ్ అప్పటికే దర్శకులుగా పేరు తెచ్చుకొన్నారు.